పేలిన తూటా గదిలో ఏల బిగిసికొనును?

నాగర్‌కర్నూలు జిల్లాలోని ఉప్పునుంతల నుండి దక్షిణముగా పోయి అచ్చంపేట దాటినచో నల్లమల కొండలు, అమ్రాబాదు పీఠభూమి వచ్చును. ఈనాడది పులుల అభయారణ్యము. అచట వేట నిషిద్ధము. కాని ఇటువంటి అడవి అంచు పల్లెలలో నాటు తుపాకి చాలకాలము వాడుకలో నుండినది. పంటపై పడు అడవిపందులను బెదరించుటకు దాని చప్పుడే చాలును. దానిని నింపు పద్ధతిని పెద్దలు చూచియుందురు. గొట్టము మూతినుండి మందు పోయవలెను, గుడ్డపీలికలు దట్టించవలెను, గుండు వేయవలెను, మరల దట్టించవలెను. పేలిన పిమ్మట లోపల మిగులునది మసి మాత్రమే. బయటకు తీయవలసిన వస్తువేదియు లేదు.

రివాల్వరు సంగతి అట్లు కాదు. అందు ఆరు గదులు గల ఉక్కు దిమ్మె తిరుగుచుండును. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క తూటా. గుండు పోయిన తరువాత తూటా యొక్క ఇత్తడి తొడుగు గదిలోనే ఉండిపోవును. ఆరు ఖాళీ తొడుగులను తీసినగాని మరల ఆరు తూటాలు పెట్టుటకు వీలులేదు. అవి రాక బిగిసికొన్నచో రివాల్వరు ఒక ఇనుపముద్ద, అంతే. తొడుగు ఏల బిగిసికొనును? ప్రశ్న చిన్నదే. కాని దీనికి జవాబు దొరకుటకు నూరేండ్ల లోహశాస్త్రము కావలసి వచ్చినది. అందులో మన దేశపు వానకాలమునకును, గుర్రపుసాలలకును కూడ కొంత పాలున్నది.

మొట్టమొదటి రివాల్వరులలో ఈ చిక్కు లేదు. అమెరికాలో సామ్యుయెల్ కోల్టు 1836లో పేటెంటు పొందిన రివాల్వరులో మందును, గుండును ప్రతి గదిలోను విడివిడిగా నింపవలసి యుండెను. గది వెనుక భాగమున చిన్న రాగి టోపీ పెట్టవలెను. పేలిన టోపీ ముక్కలు యంత్రములో పడి అడ్డుట కలదుగాని, గదిలో ఇరుకుటకు తొడుగు అనునది లేదు. రైఫిళ్లకు కూడ అప్పటి తూటా కాగితపు పొట్లమే. 1857లో మన సిపాయిలు పండ్లతో కొరుకుటకు నిరాకరించిన ఎన్‌ఫీల్డు తూటా అటువంటిదే. ఆ కలవరము ఉత్తర హిందూస్థానమునకే పరిమితము కాలేదు. ఆ యేడు జులై 17వ తేదీన తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీనుల నాయకత్వమున హైదరాబాదులోని బ్రిటిషు రెసిడెన్సీపై దాడి జరిగినది. తూటా పైనున్న కొవ్వు ఏ జంతువుదన్న ప్రశ్న చరిత్రకెక్కినది. కాని ఆ కాగితపు తూటా తుపాకిలో మసిని తప్ప మరేమియు మిగిల్చెడిది కాదు.

మరి లోహపు తొడుగు ఎందులకు వచ్చినది? తుపాకిని మూతినుండిగాక వెనుకనుండి నింపవలెనన్న కోరిక చాల పాతది. వెనుక తలుపు పెట్టినచో నింపుట సులభము. కాని మందు కాలినపుడు పుట్టు వాయువు ఆ తలుపు సందులగుండా వెనుకకు చిమ్మి, పేల్చువాని మొగమును కాల్చెడిది. ఎంత నునుపుగా చేసిన తలుపైనను వేల పౌనుల పీడనమును ఆపజాలకుండెను. ఈ చిక్కును విప్పినది తలుపు కాదు, తూటాయే. పలుచని లోహపు తొడుగులో మందు పెట్టి పేల్చినచో, వాయువు ఒత్తిడికి తొడుగు ఉబ్బి గది గోడకు అంటుకొని, తనకు తానే బిరడాగా మారును. సందు మూసికొనిపోవును. పారిస్ నగరమున లెఫోషో, ఫ్లోబేర్ మొదలైనవారు చేసిన ప్రయత్నముల తరువాత, 1857లో స్మిత్-వెసన్ కంపెనీ రాగి తొడుగుగల చిన్న తూటాతో రివాల్వరు చేసి అమ్మినది.

చిక్కు ఇక్కడనే పుట్టినది. తొడుగు ఉబ్బవలెను, లేనిచో వాయువు ఆగదు. ఉబ్బినది మరల తగ్గవలెను; లేనిచో బయటకు రాదు. ఈ రెండు పనులను అది రెప్పపాటుకంటె తక్కువ కాలములో చేయవలెను.

విద్యార్థులు హుక్ నియమము చదివియే యుందురు. లోహమును కొంత హద్దువరకు సాగదీసి వదలినచో అది మొదటి రూపమునకు వచ్చును. ఆ హద్దు దాటి సాగదీసినచో కొంత సాగుదల శాశ్వతముగా నిలిచిపోయి, మిగిలినది మాత్రమే వెనుకకు వచ్చును. ఈ వెనుకకు వచ్చు భాగమే తూటా తొడుగునకు ప్రాణము. సాగగొట్టి గట్టిపరచిన ఇత్తడి సుమారు వేయింట నాలుగు వంతులు వెనుకకు రాగలదు. కాల్చి మెత్తబరచిన ఇత్తడి వేయింట ఒక వంతు మాత్రమే వచ్చును. మెత్తని రాగి అంతకంటెను తక్కువ.

ఇప్పుడొక లెక్క వేసి చూతము. గది వ్యాసము 10 మిల్లీమీటర్లు అనుకొందము. పేలినపుడు తొడుగు ఉబ్బి గది గోడను తాకును. కాని గోడ కూడ ఊరక నిలువదు. ఉక్కైనను కొంచెము సాగును. అది 0.02 మిల్లీమీటరు సాగినదనుకొందము. పీడనము పోగానే గది తన పూర్వపు కొలతకు వచ్చును. గట్టి ఇత్తడి తొడుగైనచో 0.04 మిల్లీమీటరు తగ్గును. గదికిని దానికిని నడుమ 0.02 మిల్లీమీటరు సందు ఏర్పడును. వ్రేలితో తట్టిన బయటపడును. మెత్తని తొడుగైనచో 0.01 మిల్లీమీటరు మాత్రమే తగ్గగలదు. గది మాత్రము 0.02 తగ్గవలెనని చూచును. అప్పుడు గదియే తొడుగును నొక్కి పట్టుకొనును. బండి చక్రమునకు ఇనుప పట్టా ఎక్కించుట చూచినవారికి ఇది కొత్త కాదు. ఎర్రగా కాల్చిన పట్టా వ్యాకోచించును. చక్రముమీద వేసి నీళ్లు పోయగనే సంకోచించి చెక్కను పట్టుకొనును. దానిని ఊడదీయుట ఎంత కష్టమో వడ్రంగి నడుగవలెను. బిగిసిన తొడుగు కూడ అట్టిదే. ఇచ్చట పట్టాకు బదులు గది, వేడికి బదులు వాయు పీడనము.

ఈ లెక్కనుండియే మరొక సంగతి తేలును. మందు ఎక్కువై పీడనము మితిమీరినచో, గది 0.02కు బదులు 0.05 మిల్లీమీటరు సాగవచ్చును. అప్పుడు మేలైన ఇత్తడి తొడుగైనను, తాను 0.04 మాత్రమే తగ్గగలదు గనుక, ఇరుకును. అందుచేత బిగిసిన తొడుగు ఒక్కొక్కప్పుడు అపాయమును ముందుగా తెలుపు గుర్తు. దానిని సుత్తితో కొట్టి తీసి, మరల అవే తూటాలు పేల్చుట తెలివిగల పని కాదు.

అదే బలమునకు ఇత్తడి ఉక్కుకంటె దాదాపు రెండింతలు సాగునని కూడ గమనింపవలెను. గది ఉక్కుది, తొడుగు ఇత్తడిది కావుట మన అదృష్టమే. కాని తొలినాటి పనివారికి ఈ లెక్కలు తెలియవు. సులభముగా వంగునది గనుక రాగిని తీసికొన్నారు. రాగి చక్కగా ఉబ్బినది. తగ్గుట మాత్రము దానికి చేతకాలేదు.

దీని ఫలితము గురించి ఎక్కువగా చెప్పుకొను కథ అమెరికాలోనిది. 1876 జూన్ 25న లిటిల్ బిగ్‌హార్న్ నదీతీరమున లకోటా, షాయెన్ తెగల వీరులు కస్టరు నాయకత్వములోని దళమును తుడిచిపెట్టినారు. ఆ సైనికుల చేతిలోనివి ఒక్కొక్క తూటా పెట్టి పేల్చు స్ప్రింగ్‌ఫీల్డు కార్బైనులు. వాని తూటాలకు రాగి తొడుగులు. తొడుగులు ఇరుకుటచేతనే కస్టరు ఓడినాడని చాలమంది వ్రాసినారు. ఆ యుద్ధములోనే పాల్గొన్న మేజరు రీనో తన దళములోని 380 కార్బైనులలో 6 మాత్రమే ఇట్లు పాడైనవని తెలిపినాడు. 1983లో ఆ మైదానమున గడ్డి తగులబడి నేల బయటపడగా, తరువాతి రెండేండ్లలో పురాతత్త్వవేత్తలు అచట వెదకి తొడుగులను ఏరి పరీక్షించినారు. కత్తిమొనతో పెకలించిన గీతలు గల తొడుగులు నూటికి ఐదు కూడ లేవు. అనగా చిక్కు నిజమే, కాని ఓటమి భారమంతయు దానిపై వేయుట న్యాయము కాదు. గెలిచినవారి సంఖ్యను, నేర్పును ఒప్పుకొనుటకంటె రాగిని నిందించుట కొందరికి సులభముగా తోచియుండును.

బ్రిటిషు వారు మరొక దారి పట్టినారు. 1866లో కర్నల్ బాక్సరు రూపొందించిన తూటాలో పలుచని ఇత్తడి రేకును చుట్టగా చుట్టి, అడుగున ఇనుప బిళ్ల తగిలించినారు. పేలినపుడు చుట్ట కొంచెము విప్పుకొని గోడకు ఆనును, పిమ్మట ముడుచుకొనును. ఊహ మంచిదే. కాని పలుచని రేకు సులభముగా నొక్కుపడును, వేడెక్కిన గదిలో చిరిగి అంటుకొనును, అడుగు బిళ్ల మాత్రము ఊడి చేతికి వచ్చును. 1885 జనవరి 17న సూడానులోని అబూ క్లియా యుద్ధమున మార్టినీ-హెన్రీ రైఫిళ్లలో తూటాలు ఇరుకుకొని సైనికులు నానాబాధలు పడినారు. ఆ తరువాత చుట్టిన రేకు పోయి, ఒకే ముక్కనుండి సాగదీసిన ఇత్తడి తొడుగు స్థిరపడినది.

ఈ తొడుగును చేయు విధము తెలిసికొనదగినది. నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు యశదము గల ఇత్తడి రేకునుండి గుండ్రని బిళ్లను కత్తిరించుదురు. దానిని అచ్చులో నొక్కి గిన్నెగా చేయుదురు. ఆ గిన్నెను ఒకదానికంటె ఒకటి ఇరుకైన అచ్చులలో సాగదీసి గొట్టముగా మార్చుదురు. సాగదీసిన కొలది ఇత్తడి గట్టిపడి పెళుసుబారును. కనుక నడుమ నడుమ కాల్చి మెత్తబరచవలెను. జనగామ జిల్లాలోని పెంబర్తిలో ఇత్తడిరేకు పని చేయువారిని చూచినచో ఇదే సూత్రము కనబడును. రేకును కొట్టికొట్టి అది గట్టిపడగనే కొలిమిలో కాల్చుదురు. మెత్తబడగనే మరల కొట్టుదురు. కారణము లోహపు రేణువులలో ఉన్నదని సూక్ష్మదర్శిని తరువాత చెప్పినది. సుత్తి దెబ్బలకు ఆ రేణువులు చితికి బిగుసుకొనును. వేడికి కొత్త రేణువులు పుట్టును.

కంచరి చెంబు పని ముగించి పోవచ్చును. తూటా తొడుగు చేయువానికి ఇంకొక సూక్ష్మము మిగిలియున్నది. తొడుగు అంతటికి ఒకే పదును పనికిరాదు. మూతివైపు మెత్తగా ఉండవలెను. అప్పుడే అది వెంటనే ఉబ్బి వాయువు నాపును. అడుగువైపు గట్టిగా ఉండవలెను; అప్పుడే అది వెనుకకు తగ్గి గదిని వదలును. కనుక చివరి కాల్పులో మూతిని మాత్రమే మంటకు చూపి, అడుగును చల్లగా ఉంచుదురు. కొన్ని సెంటీమీటర్ల ఇత్తడి ముక్కలో ఒక కొస రాగివలె, మరొక కొస స్ప్రింగువలె ప్రవర్తించును.

ఇట్టి వస్తువును పల్లె కొలిమిలో చేయుట సాధ్యము కాదు. నాటు తుపాకికి మందు ఎక్కడనైనను నూరుకొనవచ్చును. ఇత్తడి తూటా కార్ఖానానుండియే రావలెను. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు దళము చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలను వరుసగా ముట్టడించి, తుపాకులతో పాటు వేలకొలది తూటాలను ఎత్తుకొనిపోయిన సంగతిని ఈ దృష్టితో కూడ చూడవచ్చును. తూటాలు లేని తుపాకి మన్యములో దుడ్డుకర్రతో సమానము.

ఇత్తడి తొడుగుతో కథ ముగిసినదని అనుకొనుచుండగా మన దేశపు వానకాలము కొత్త చిక్కు తెచ్చినది. బ్రిటిషు ఇండియా సైన్యములో తూటాలను కొన్నిచోట్ల గుర్రపుసాలలలోను, వాని ప్రక్కనున్న కొట్లలోను వానలు వెలియువరకు నిలువచేయుట వాడుక. వానకాలము గడచి పెట్టెలు విప్పి చూచునప్పటికి, ఒక్కసారియైన పేల్చని తూటాల తొడుగులు పగిలియుండెను. ముఖ్యముగా గుండును పట్టుకొను మూతివద్ద నిలువు పగుళ్లు. ఎవరును కొట్టలేదు, ఎవరును వంచలేదు. ఋతువును బట్టి వచ్చుచుండుటచే దీనికి ఋతు పగులు అన్న అర్థము వచ్చు పేరు పెట్టినారు.

1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు దీని గుట్టు విప్పినారు. గుర్రపు మూత్రము కుళ్లినపుడు అమ్మోనియా వాయువు పుట్టును. సాలలో అడుగు పెట్టగనే ముక్కును కొట్టు ఘాటు అదియే. వానకాలపు చెమ్మలో ఆ వాయువు కరిగి ఇత్తడిపై పలుచని పొరగా నిలుచును. అమ్మోనియాకు రాగి అనిన ప్రీతి. ఉపాధ్యాయులు తమ పర్యవేక్షణలో, గాలి బాగుగా ఆడుచోట, అమ్మోనియా ద్రావణములో రాగితీగ ముక్క వేసి ఉంచినచో కొంతసేపటికి ద్రావణము నీలముగా మారుట పిల్లలకు చూపవచ్చును. కాని రాగి కొద్దిగా కరిగినంతమాత్రమున తొడుగు పగులదు. సాగదీసిన తొడుగులో, బయటకు కనబడకుండ, లాగిపట్టిన ప్రతిబలము దాగియుండును. అమ్మోనియా రేణువుల నడుమ సందులను తినుచు పోగా, ఆ ప్రతిబలము సందును విప్పుచు పోవును. ఒకటి త్రవ్వును, మరొకటి చీల్చును. ప్రతిబలము లేనిచో పగులు లేదు. అమ్మోనియా లేనిచో పగులు లేదు. చెమ్మ లేనిచోను లేదు.

కారణము తెలియగనే మందు కూడ దొరకినది. గుర్రములను తీసివేయనక్కరలేదు, వానలను ఆపనక్కరలేదు. తొడుగును సుమారు 250 నుండి 300 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కొంతసేపు వేడిచేసిన చాలును. ఆ వేడికి లోపలి ప్రతిబలము సడలును. గట్టిదనము మాత్రము పోదు. పూర్తిగా కాల్చినచో గట్టిదనము కూడ పోయి, తొడుగు మరల గదిలో ఇరుకునదగును. రెండింటి నడుమ సన్నని త్రోవ అది. పగిలిన తొడుగునకును ఇరుకుటకును సంబంధమేమని అడుగవచ్చును. తెగని కడియము సాగి మరల ముడుచుకొనగలదు; తెగిన కడియము ముడుచుకొనలేదు. పగిలిన తొడుగు అంచులు విచ్చుకొని గోడకు ఆని నిలుచును. ఒక్కొక్కప్పుడు అడుగు మాత్రమే వచ్చి, ముందు సగము గదిలో ఉండిపోవును. 0.303 రైఫిళ్లకు ఇట్లు తెగిన తొడుగును తీయుటకు ప్రత్యేకమైన పనిముట్టు ఒకటి ఇచ్చెడివారు.

ప్రతిబలము, రసాయనము, దానికి లొంగు లోహము అన్న ఈ మూడింటి పొత్తు సాలలతో ఆగిపోలేదు. హైదరాబాదులో 1971లో వెలసిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సులో అణువిద్యుత్కేంద్రములకు కావలసిన జర్కోనియము మిశ్రలోహపు గొట్టములు తయారగును. రియాక్టరులో యురేనియము బిళ్లలు వేడికి ఉబ్బి ఆ గొట్టమును లోపలనుండి నొక్కును. విచ్ఛిత్తిలో పుట్టు అయొడిను దానిని తినును. రెండును కలిసినచోట గొట్టము పగులవచ్చును. అమ్మోనియాకు బదులు అయొడిను, ఇత్తడికి బదులు జర్కోనియము. శాస్త్రజ్ఞులు రెండింటిని ఒకే అధ్యాయములో బోధింతురు.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. ఈ చిక్కు రైఫిలులోకంటె రివాల్వరులో ఏల ముందుగా తెలియును? బోల్టు రైఫిలులో పిడిని త్రిప్పునపుడు మరవంటి వాలు తొడుగును మొదట బలముగా కదల్చును. రివాల్వరులో అట్టి సహాయము లేదు. 1873 నాటి కోల్టులో ప్రక్క తలుపు తెరచి, కడ్డీతో ఒక్కొక్క తొడుగును త్రోయవలసి యుండెను. ఆలస్యమేగాని, ఒకసారికి ఒక తొడుగుతోనే పోరాటము. తరువాత మన పోలీసు అధికారుల నడుమున చాలకాలము వేలాడిన వెబ్లీలో, నడుమ విరిచి తెరవగనే నక్షత్రమువంటి బిళ్ల ఆరింటిని ఒక్కసారిగా పైకెత్తును. దిమ్మె ప్రక్కకు తెరుచుకొను రకములో అరచేతితో కడ్డీని నొక్కవలెను. వేగము పెరిగినది, కాని ఆరు తొడుగుల ఘర్షణ ఒక్క అరచేతిపై పడినది. ఒక్కటి మొండికేసినచో ఆరును ఆగిపోవును.

అందుచేత అనుభవజ్ఞుడైన ఆర్మరరు మొదట బలము చూపడు, లెక్క చూచును. గదులకు సున్నముతో 1 నుండి 6 వరకు గుర్తులు పెట్టి, ఏ గదిలోని తొడుగు బిగిసినదో వ్రాసికొనును. ప్రతిసారి 4వ గదియే మొండికేసినచో తప్పు ఆ గదిది. తుప్పు తిన్న గుంటయో, పనిముట్టు గీతయో అందులో ఉండును. ఉబ్బిన ఇత్తడి ఆ గుంటలోనికి చొచ్చుకొని గొళ్లెమువలె పట్టుకొనును. తొడుగును వెలుతురులో పెట్టి చూచిన ఆ గుంట ముద్ర దానిపై కనబడును. మరి గది ఏదైనను, ఒక పెట్టెలోని తూటాలు మాత్రమే బిగిసి, వేరొక పెట్టెలోనివి జారి వచ్చినచో తప్పు తూటాలది: ఇత్తడి మెత్తనిదైనను కావలెను, పీడనము మిక్కిలిదైనను కావలెను. ఆ పెట్టెను ప్రక్కన పెట్టవలెను. మొదటి ఇరువది బాగుగా వచ్చి తరువాత ఒక్కొక్కటే బరువెక్కినచో అది మసి. బుడ్డి కడుగు బ్రష్షువంటిదానితో తీరును.

మసిలో ఒక చమత్కారమైన రకము కలదు. 1935లో వచ్చిన 0.357 మాగ్నం తూటా, దాని పూర్వజమైన 0.38 స్పెషల్ తూటాకంటె సుమారు అంగుళములో ఎనిమిదవ వంతు పొడవు. పొట్టి తూటాను పొడుగు గదిలో పేల్చవచ్చును. కాని అట్లు చాలసార్లు పేల్చినచో, పొట్టి తొడుగు మూతి ఆగినచోట గది గోడకు మసి ఉంగరమువలె పేరుకొనును. తరువాత పొడుగు తూటా పెట్టినపుడు దాని మూతి సరిగా ఆ ఉంగరములో దూరి కూర్చుండును. పేలినపుడు చదరపు అంగుళమునకు 35,000 పౌనుల వరకు, అనగా వాయుమండల పీడనమునకు సుమారు 2,400 రెట్లు రాగల ఒత్తిడితో ఆ ఉంగరములో బిగుసుకొనును. యజమాని కొత్త తూటాలను తిట్టును. తప్పు నిన్నటి పొట్టి తూటాలది. దీనిని కనుగొనుటకు గదిలోనికి దీపపు వెలుతురు పట్టి చూచిన చాలును; మూతికి కొంచెము వెనుకగా నల్లని గీత గుండ్రముగా కనబడును.